తాళ్లపాక వారింటి విద్య

తిరుమలలోని సంకీర్తన భాండారమున లభించిన రాగిరేకులను పరికించినచో ఒక కవి మాత్రమే గాక ఒక కుటుంబమే కానవచ్చును. తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి, 1503లో దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించిరి. ఆయన ధర్మపత్ని తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించిరి. కుమారులు పెదతిరుమలాచార్యులు సంకీర్తనాచార్యులే. మనుమలు చినతిరుమలాచార్యులు, చిన్నన్న కూడ కవులే.

మూడు తరములవారికి ఒకే విద్య అబ్బుటకు వంశగుణమే కారణమని కొందరందురు. అది సగము మాట. వంశము గొంతు నీయవచ్చును గాని తాళము నీయదు. తాళము, తండ్రి ఒడిలో కూర్చున్న బిడ్డకు ఆయన చేతిదెబ్బ తొడపై పడుచుండగా తెలియును. నిత్యము స్వామికి పదము కట్టు ఇంటిలో పెరుగు బాలుడు పల్లవి యెట్లు పుట్టునో, పొసగని మాటను ఎట్లు తీసివేయుదురో, మరల ఎట్లు పాడిచూతురో కన్నులార చూచును. పూర్తియైన కీర్తనను ఏ గురువైనను నేర్పగలడు. పూర్తికాని దానిని చూచు భాగ్యము ఇంటి బిడ్డలదే.

ఉద్యోగభారముచే తీరిక లేదను తండ్రులు నేడు పెక్కురు. 32,000 సంకీర్తనలు రచించిరని ప్రసిద్ధి గాంచిన అన్నమాచార్యులకు తీరిక యెక్కడిది? ఆయన పనియే బిడ్డల కంటియెదుట జరిగినది.

ధనుర్మాసమున ఈ సంగతి ప్రతి వైష్ణవ గృహమునను చూడవచ్చును. 30 దినములు, 30 పాశురములు. తెల్లవారకముందే తల్లి ప్రక్కన చలికి ముడుచుకొని కూర్చున్న పసిపిల్ల మొదటి యేడు కునికిపాట్లు పడును, పొంగలి కొరకు మేల్కొనును. రెండవ యేడు పాశురముల చివరి మాటలందుకొనును. మరి కొన్నేండ్లకు తల్లి తడబడినచోట తానే అందించును. అదే పిల్ల యెదుట సెల్‌ఫోనులో తిరుప్పావై పెట్టి తల్లి వంటింటికి పోయినచో పాట వినబడును గాని, పలుకు తప్పినచో దిద్దువారుండరు. ‘అమ్మా, దీనికి అర్థమేమి?’ అని అడిగిన ఆ యంత్రము ఆగి చెప్పదు.

అన్నమాచార్యులు సంస్కృతమున సంకీర్తన లక్షణమను శాస్త్రమును కూడ రచించిరి. ఆ మూలము నేడు లభింపదు. చినతిరుమలాచార్యులు దానిని తెనిగించిరి. తాతగారి శాస్త్రము లోకమునకు మిగిలినది మనుమని ఆ తెలుగు మాటలలోనే.