శంషాబాద్‌లో మన వాటా

అక్క డాలస్‌లో స్థిరపడ్డాక మా ఇంట్లో శంషాబాద్ అనేది ఒక ఊరి పేరు కాకుండా పోయింది. "శంషాబాద్ ఎప్పుడు?" అంటే ప్రయాణం ఎప్పుడని అర్థం. మాది పర్చూరు దగ్గర పల్లె. ఊరికి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. కల్లాల్లో కాయలు ఆరుతున్న రోజుల్లో అమ్మ అమెరికాకు కారం మూటలు కట్టేది. సాయంత్రం అద్దె కారెక్కితే అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీద రాత్రంతా ప్రయాణం. పొందుగుల దగ్గర కృష్ణ దాటితే అవతల వాడపల్లి. 2014 జూన్ 2కి ముందు అది గుంటూరు జిల్లా దాటి నల్లగొండ జిల్లాలోకి పోవడం. ఆ తరువాత రాష్ట్రం దాటడం.

2013లో నేను హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. సమైక్యవాదిని, అదీ గట్టిగా. నా రూమ్మేట్‌ది పాలమూరు జిల్లా. ఒకరోజు వాదన ముదిరి "ఆ ఎయిర్‌పోర్టు మేం కట్టుకున్నది, అదెట్లా వదిలేస్తాం?" అన్నాను. వాడు కోప్పడలేదు. "ఎయిర్‌పోర్టు దాకా ఎన్నిసార్లు వచ్చినవ్?" అన్నాడు. లెక్క చెప్పాను. "అదే రోడ్డు మీద ఇంకో గంటన్నర పోతే మా ఊరు. ఎన్నడన్న వచ్చినవా?"

రాలేదు. అప్పటికి ఏదో సర్దిచెప్పాను గానీ ఆ ప్రశ్న ఈ పదేళ్ళలో నన్ను వదల్లేదు. కలిసి ఉండాలని నేను కోరింది మనుషులతోనా, రన్‌వేతోనా?

అసలు "మేం కట్టుకున్నది" అనే మాటను కాస్త పరీక్షగా చూడాలి. ఆ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. విభజన నాటికి అందులో జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, రాష్ట్ర ప్రభుత్వానికి 13. అంటే మేం అన్న "మేం" మొత్తం కలిపి ఆ 13లో ఉంది. ఆ 13 తెలంగాణకు వెళ్ళింది. ఇక సుమారు 5,500 ఎకరాల నేల మా పర్చూరు నుంచి తీసుకెళ్ళింది కాదు, అక్కడి రైతులదే. ఆస్తి ఏ ప్రాంతంలో ఉంటే ఆ రాష్ట్రానికే అన్నది విభజన చట్టం పాటించిన మామూలు సూత్రం. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రాజెక్టును ఫోర్క్ చేస్తే ఇద్దరికీ మొత్తం కోడ్ వస్తుంది. రన్‌వేకు కాపీ ఉండదు.

నాన్న దీనికి ఒప్పుకోడు. "పంట మీద కట్టిన పన్నులన్నీ ఎక్కడికి పోయినయ్యిరా? అక్కడికే గదా" అంటాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఉమ్మడి రాష్ట్రం తన ఆఫీసులు, కంపెనీలు, ఆస్పత్రులు, చివరికి ఆకాశంలోకి వెళ్ళే దారి కూడా ఒక్క నగరంలోనే పెట్టుకుంది. ఆ నగరం మీద మా జిల్లావాళ్ళకున్న ఆశ పిల్లల చదువుల రూపంలో, అపార్ట్‌మెంట్ల రూపంలో ఉండేది. పెట్టినవాడికి బాధ ఉంటుంది. ఆ బాధ నిజమే. కానీ బాధ ఉన్నంత మాత్రాన హక్కు పుడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ నేను చాలాకాలం కలిపేసుకున్నాను.

నిజానికి మాకిది రెండోసారి. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి బయటికి వచ్చాం. అమరావతి స్తూపం శిల్పాలు ఎగ్మోరు మ్యూజియంలోనే ఉండిపోయాయి. లండన్‌కు పోయినవి మరికొన్ని. గుంటూరువాడు తన బుద్ధుణ్ణి చూడాలంటే టికెట్ కొని వెళ్ళాల్సిందే. దాన్ని గురించి మా ఊళ్ళో ఎవరూ ధర్నా చేయగా నేను చూడలేదు. శిల్పాల కన్నా రన్‌వే మీద ప్రేమ ఎక్కువేమో మరి!

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి 2020లో బయటికి వచ్చింది. అంతకు ముందే, 2017లో, ఈజీజెట్ కంపెనీ వియన్నాలో ఇంకో ఎయిర్‌లైన్‌ను పెట్టుకుంది. లేకపోతే యూరప్ ఊళ్ళ మధ్య విమానాలు నడిపే హక్కు పోయేది. మా దగ్గర అట్లాంటిదేమీ లేదు. ఒకటే దేశం, ఏ విమానమూ ఆగలేదు. గోడలు కింద రోడ్డు మీద లేచాయి. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్రా అద్దె వాహనాల మీద తెలంగాణ పన్ను వేయడం మొదలుపెట్టింది, తరువాత ఆంధ్రా కూడా. వాడపల్లిలో మా డ్రైవరు కాగితాలు పట్టుకుని దిగేవాడు. అమ్మ వెనక సీట్లో పాస్‌పోర్టు బయటికి తీసేది. "ఇక్కడ కాదమ్మా" అని చెప్పేవాణ్ణి. 2020 మార్చిలో, లాక్‌డౌన్ మొదలైన వారంలో, హైదరాబాద్ హాస్టళ్ళ నుంచి ఇళ్ళకు బయల్దేరిన పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఈసారి ఆపింది మా రాష్ట్రమే.

నాగార్జునసాగర్ సంగతి ఇంకా విచిత్రం. నాగార్జునకొండ మ్యూజియం ఉన్న దీవి ఆంధ్రాలో, డ్యామ్‌కు ఒక గట్టు అటు, ఒక గట్టు ఇటు. తెలంగాణ తన గట్టున కట్టిన బుద్ధవనం 2022లో తెరుచుకుంది. అక్కడి మహాస్తూపానికి నమూనా అమరావతి స్తూపం! మొదట చిరాకు పడ్డాను. వెళ్ళి చూశాక, ఎగ్మోరు దాకా పోలేని పిల్లలు అక్కడ నిలబడి పైకి చూస్తుంటే చిరాకు నిలవలేదు. 2023 నవంబరు 30న, తెలంగాణ ఎన్నికల రోజు, ఆంధ్రా పోలీసులు డ్యామ్ మీద ముళ్ళకంచె వేసి 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు. చిన్నప్పుడు స్కూలు విహారయాత్రలో గేట్లు లెక్కపెట్టాం. అప్పుడు 26 దాకా లెక్కపెట్టాం.

ఇక మాకు దక్కింది గన్నవరం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం. 2018 డిసెంబరులో అక్కణ్ణుంచి సింగపూర్‌కు ఇండిగో విమానం ఎగిరింది, సీట్లు నిండకపోతే లోటు ప్రభుత్వం భరిస్తానంది. 2019 మధ్యలో ఆగిపోయింది. రన్‌వే పొడిగింపుకు భూములిచ్చిన రైతులకు బదులుగా అమరావతిలో ప్లాట్లు ఇస్తామన్నారు. ఆ తరువాత అమరావతే కొన్నేళ్ళు ఆగిపోయింది. రన్‌వే మాత్రం పొడుగైంది. ఇప్పుడు గన్నవరాన్ని మా ఊళ్ళో "మన ఎయిర్‌పోర్టు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా రూమ్మేటు గుర్తొస్తాడు. ఇక్కడ కూడా ఆ "మన"లో భూమి ఇచ్చినవాడు ఉన్నాడా?

పోయినేడు అమ్మ తొలిసారి గన్నవరంలో ఎక్కింది. హైదరాబాద్‌లో మారి అటునుంచి అటే డాలస్ దారి. నేనుండేది గచ్చిబౌలిలో. రాత్రి పదకొండుకు ఫోన్ చేసింది.

"శంషాబాద్‌లోనే ఉన్నానయ్యా. బయటికి రానివ్వరంట."

"నేను రానా అమ్మా, గేటు దాకా?"

"వచ్చి ఏం చేస్తావు, కనపడను గదా. పడుకో."

పడుకోలేదు. కారు తీసి అవుటర్ రింగ్ రోడ్డెక్కాను. శంషాబాద్ దగ్గర దిగకుండా బెంగుళూరు హైవే మీదికి తిరిగి, షాద్‌నగర్ దాకా పోయి, టీ తాగి వెనక్కి వచ్చాను. అక్కణ్ణుంచి వాడి ఊరు ఇంకో గంట.