డ్రిల్లు పీరియడ్‌లో అవ్వ ఆట

నంద్యాలలో నేను ఐదో తరగతి చదివేటప్పుడు, రంజాన్ నెలలో మా డ్రిల్లు సారు ఒక్కపొద్దున్న పిల్లల్ని ఎండలో పరుగెత్తించేవారు కాదు. ఈల వాళ్ళ చేతికిచ్చి కబడ్డీకి అంపైర్లుగా నిలబెట్టేవారు. కూతకెళ్ళినవాడు ఔటో కాదో వాళ్ళే చెప్పాలి. ఆటకు దూరమయ్యామని వాళ్ళు చిన్నబుచ్చుకునేవారు కాదు. వాళ్ళు మంచినీళ్ళు కూడా ఎందుకు ముట్టరో మాకూ తెలిసింది.

ఈ పద్ధతి వెనక ఒక సిద్ధాంతం ఉందని అమెరికా వచ్చాకే విన్నాను. పిల్లల ఇంటి సంస్కృతిని ఆసరా చేసుకుని పాఠం చెప్పాలని గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో సిద్ధాంతీకరించారు. జెనీవా గే 2000లో దానిమీద పుస్తకమే రాశారు. ఆటల పీరియడ్‌కు ఇది మరీ అవసరం. పిల్లల బట్ట, తిండి, ఉపవాసం, బిడియం అన్నీ బయటపడేది అక్కడే.

పోయినేడు మూడో తరగతిలో ఉన్న మా పాపతో ఆటల టీచరు, "మీ అవ్వ ఆడిన ఆట ఒకటి నేర్చుకుని రా" అన్నారు. ఆళ్ళగడ్డలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేశాం. శిల్పులు విగ్రహాలు చెక్కేచోట రాలిన రాతి పెచ్చు ఏరుకొచ్చి, అంచులు నున్నగా అరగదీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళమంది. "బిళ్ళ గీత మీద పడిందంటే ఆట పోయినట్టేనని చెప్పు నాయనా దానికి" అంటూ కుంటి చూపించబోయింది. మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చి మేమే ఆపాం.

మర్నాడు బడిలో నేలమీద టేపుతో గళ్ళు వేశారట. మెక్సికో నుంచి వచ్చిన పిల్లాడు తమ ఇంట్లో దీన్ని 'చిన్న విమానం' అంటారన్నాడట. అమెరికా పిల్లలకది హాప్‌స్కాచ్. జట్లు పంచుకునేటప్పుడు ఎప్పుడూ చివర మిగిలే మా పాప ఆరోజు అందరికీ ఆట నేర్పింది. ఇంటికొచ్చి అవ్వకే ముందు ఫోన్ చేయమంది.

ఇక్కడి తెలుగువాళ్ళం ఆదివారాలు పిల్లలకు పద్యాలు, నాట్యం శ్రద్ధగా నేర్పిస్తున్నాం. ఆటల్ని మాత్రం ఊళ్ళోనే వదిలేసి వచ్చాం. కబడ్డీలో ఔటై బయట కూర్చున్నవాణ్ణి తోటివాడు పాయింటు తెచ్చి బతికిస్తాడు. కలిసి బతకడం గురించి అంతకన్నా తేలిగ్గా ఏ పాఠం చెబుతుంది? మీ పిల్లల టీచరు అడిగేదాకా ఆగకండి. మీకు వచ్చిన ఒక ఆట మీరే వెళ్ళి చెప్పండి. పక్క పిల్లాడి ఇంటి ఆటేమిటో అడిగి తెలుసుకోమని మీ పిల్లలకూ చెప్పండి.

మొన్న ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు అవ్వ ఏరిచ్చిన రాతి పెచ్చు ఇప్పుడు మా పాప బడి సంచిలో ఉంది. దాని అంచులు అప్పుడే అరుగుతున్నాయి.