ఋషిపంచమి లెక్కలో నేనెక్కడ?

వినాయక చవితి మర్నాడు ఋషిపంచమి వ్రతం చేయమంటుంది మా అత్తయ్య. ముట్టు రోజుల్లో తెలిసీ తెలియక అంటిన దోషం పోవడానికట. నాకు పీసీఓఎస్, అంటే అండాశయాల హార్మోన్ల సమస్య. నెలసరి మూడేసి నెలలకోసారి, ఒక్కోసారి అదీ లేదు. మరి నా దోషం తగ్గినట్టా? అడిగితే, "నీది పూర్వజన్మదిలేవే" అంది.

కర్మ సిద్ధాంతం మీద నాకు చిన్నచూపేం లేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. 1935లోనే స్టైన్, లెవెంథాల్ అనే వైద్యులు పీసీఓఎస్ లక్షణాలను ఒకచోట చేర్చి వర్ణించారు. స్కాన్‌లో ముత్యాలపేరులా కనిపించేవి గడ్డలు కావు, సగంలో ఎదుగుదల ఆగిన అండపుటికలు. నా గడ్డం మీది వెంట్రుకలకు కారణం హార్మోన్లు. ఇందులో పాపం ఎక్కడ దూరింది? "నాకే ఎందుకు" అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది, నిజమే. పూర్వజన్మ వచ్చి కూర్చునేది ఆ ఖాళీలోనే.

ఆసుపత్రిలోనూ శుచి లెక్కలున్నాయి. స్కానింగ్ కోసం నీళ్లు తాగుతూ కూర్చుంటే, నర్సు అందరి ముందూ "పెళ్లయిందా?" అంటుంది. లోపలి నుంచి స్కాన్ చేయవచ్చా అన్నది ఆమె అసలు సందేహం. అది సూటిగా, చాటుగా అడగొచ్చుగా!

అస్సాంలోని కామాఖ్యలో అంబుబాచి రోజుల్లో అమ్మవారి నెలసరని గుడి మూస్తారు. తెరిచాక ఎర్రగుడ్డ ముక్కలు ప్రసాదంగా పంచుతారు. ఆవిడదైతే ప్రసాదం, నాదైతే దోషం.

ఈసారి సప్తర్షులకూ అరుంధతికీ పూజ చేస్తాను. సంకల్పంలో దోషపరిహారం మాట మాత్రం పలకను. అత్తయ్య కాదంటే, పంతులుగారితో వాదించడానికి సిద్ధమే.