ఆఫీసు మాట ఎప్పుడు ప్రమాణం?

ఉద్యోగికి తన పని గురించి తెలిసినదానిలో చాలా భాగం కళ్లారా చూసి తెలుసుకున్నది కాదు. ఎవరో చెబితేనో, నోటీసు బోర్డులో చదివితేనో తెలిసింది. సెలవు మంజూరైందా, ఫైలు ఏ సెక్షన్‌లో ఉంది, పరీక్ష డ్యూటీ ఎవరికి పడింది, లిఫ్టు ఎప్పటికి బాగవుతుంది అన్నవాటికి మాటే ఆధారం. ఇలా మాట వల్ల కలిగే జ్ఞానానికి మూలాన్ని పలు భారతీయ దర్శనాలు శబ్దప్రమాణం అన్నాయి. వేదవాక్యాన్ని ఎందుకు నమ్మాలన్న ప్రశ్న దగ్గర్నుంచి, ఏటి ఒడ్డున పళ్లున్నాయని దారినపోయేవాడు చెబితే నమ్మవచ్చా అన్న ప్రశ్న దాకా అన్నీ ఈ చర్చలోకి వచ్చాయి. ఆఫీసులో మాట ఎందుకు చెడుతుంది, ఎలా బాగుపడుతుంది అన్న ప్రశ్నకూ జవాబు అక్కడే దొరుకుతుంది.

న్యాయదర్శనంలో తొలి పాఠంగా నేటికీ చదువుకునే తర్కసంగ్రహాన్ని రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. ఆయన లెక్కలో జ్ఞానసాధనాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి వాక్యం. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. వాక్యం అర్థమవ్వాలంటే అందులోని పదాలకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలి. విశ్వనాథుడి భాషాపరిచ్ఛేదం వంటి గ్రంథాలు వీటికి తాత్పర్యాన్ని కూడా చేర్చాయి. చెప్పేవాడు అబద్ధమాడకపోయినా ఈ నాలుగింటిలో ఏది లోపించినా వినేవాడికి జ్ఞానం కలగదు. చాలా ఆఫీసు తగవులకు మూలం అబద్ధం కాదు, ఈ లోపమే.

పదం, సంకేతం

వాక్యం కంటే ముందు పదం. ఫలానా పదానికి ఫలానా అర్థం అన్న ఏర్పాటును సంకేతం అంటారు. ఆ సంకేతం ఈశ్వరుడిదని అన్నంభట్టు అంటాడు. ఆఫీసులో మాత్రం సంకేతాలన్నీ మనుషులు పెట్టుకున్నవే కాబట్టి చెప్పుకోకపోతే తెలియవు.

ఈ సంగతి హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టుకలోనే కనిపిస్తుంది. 1918లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయానికి మొదట ఉర్దూ బోధనభాష, ఇంగ్లిషు తప్పనిసరి పాఠ్యాంశం. పాఠ్యపుస్తకాల తర్జుమా కోసం 1917లోనే దారుల్ తర్జుమా ఏర్పాటైంది. ఏ శాస్త్రపదానికి ఏ ఉర్దూ మాట వాడాలో పండితులు కూర్చుని నిర్ణయించేవారు. 1948 తర్వాత బోధన ఇంగ్లిషులోకి మారింది. అయినా దరఖాస్తు, మంజూరు, హాజరు, తాఖీదు, ముసాయిదా వంటి మాటలు తెలుగు ఆఫీసుల్లో అలాగే ఉండిపోయాయి. క్యాంపస్‌లోనూ, పక్కనే తార్నాక చుట్టుపక్కల ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), జాతీయ పోషకాహార సంస్థ, ఆర్టీసీ ఆసుపత్రి వంటి చోట్లా తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు కలగలిసి వినిపిస్తాయి. తెలుగులో మొన్న వేరు, ఎల్లుండి వేరు. ఉర్దూలో రెండింటికీ ‘పర్సోఁ’ ఒక్కటే మాట. హైదరాబాదీ వాడుకలో దానికి ‘ఈమధ్య ఎప్పుడో’ అన్న అర్థం కూడా ఉంది. ‘సాయంత్రంలోగా’ అంటే ఒకరికి నాలుగు గంటలు, మరొకరికి ఇంటికి బయల్దేరేలోగా. అందుకే గడువు చెప్పేటప్పుడు తేదీ, వారం, గంట మూడూ చెప్పాలి.

పిల్లవాడు మాటలు నేర్చుకునే తీరును, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు వర్ణించారు. ఒక పెద్దాయన ‘ఆవును తీసుకురా’ అంటాడు, మరొకరు తెస్తారు. తర్వాత ‘గుర్రాన్ని తీసుకురా’ అంటే ఇంకొకటి వస్తుంది. చూస్తున్న పిల్లవాడు ఏ మాట మారితే ఏ వస్తువు మారిందో పోల్చుకుని అర్థాలు విడదీసుకుంటాడు. కొత్తగా చేరిన గుమస్తా కూడా ‘పుటప్ చేయండి’ (ఫైలును పై అధికారి ముందుంచండి) అన్న మాటను అలాగే, సీనియర్లను చూసి నేర్చుకుంటాడు. అలా నేర్చుకోవడానికి నెలలు పడతాయి. సెక్షన్‌లో వాడే మాటల అర్థాలను ఒక పేజీలో రాసి చేరిన రోజే చేతికిస్తే ఆ నెలలు మిగులుతాయి.

ఆకాంక్ష

‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అని వరసపెట్టి అంటే వాక్యం కాదు. ఒక పదం మరో పదాన్ని కోరాలి, ఆ కోరిక తీరాలి. అదే ఆకాంక్ష. ‘తీసుకురా’ అనగానే మనసు ‘దేన్ని?’ అని అడుగుతుంది.

ఆఫీసు భాషలో తరచు కనబడే ఒక మచ్చు చూస్తే ఈ లోపం తెలుస్తుంది: ‘సంబంధిత సిబ్బంది ఈ విషయమై తక్షణమే తగు చర్యలు తీసుకోవలసిందిగా ఆదేశించడమైనది.’ వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు లేదు. కానీ సంబంధితులు ఎవరు? తగిన చర్య ఏది? తక్షణం అంటే ఎప్పటికి? ఆదేశించింది ఎవరు? ఈ నాలుగింటికీ జవాబు లేదు. చదివిన పదిమందీ ‘సంబంధిత’ అన్న మాట పక్కవాడి గురించే అనుకుంటారు. అదే ఆదేశాన్ని ఇలా రాయవచ్చు: ‘రెండో అంతస్తు ల్యాబ్ అటెండర్లు ఖాళీ సిలిండర్లను శుక్రవారం సాయంత్రం 4 గంటలలోగా స్టోర్స్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి.’ ఇక అడగడానికేమీ మిగలదు.

రసాయన ప్రయోగశాలలో ఆకాంక్ష తీరకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ‘ఆమ్లం, నీరు కలపండి’ అన్న సూచనలో దేన్ని దేనిలో పోయాలో లేదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్లు పోస్తే పుట్టే వేడికి నీరు మరిగి ఆమ్లం ఒంటి మీదికి చిందుతుంది. నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి. తెలుగులో ఈ తేడా అంతా ‘లో’ అన్న ఒక్క విభక్తిలో ఉంది.

మీమాంసకుల లెక్కలో విధివాక్యం మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి: ఏం సాధించాలి, దేనితో సాధించాలి, ఎలా సాధించాలి. ఒకే వాక్యం రెండు విధులు చెబితే అది వాక్యభేదమనే దోషం. సర్క్యులర్‌కూ ఇదే కొలత. ఒక వాక్యానికి ఒక పని. సెలవు నిబంధన, గుర్తింపు కార్డు నిబంధన ఒకే పేరాలో ఇరికిస్తే రెండోది ఎవరి కంటా పడదు.

యోగ్యత

‘నిప్పుతో తడుపు’ అన్న వాక్యంలో పదాలు కుదిరాయి గానీ అర్థాలు పొసగలేదు. నిప్పుకు తడిపే యోగ్యత లేదు. సర్వర్ పనిచేయని రోజున హాజరు ఆన్‌లైన్‌లోనే వేయాలన్న ఆదేశం ఇలాంటిదే. బిల్లులు మంజూరుచేసే అధికారం లేని ఉద్యోగిని బిల్లుల ఆలస్యానికి సంజాయిషీ అడిగే మెమో కూడా అంతే. అలాంటి మాటను ఎవరూ ఎదిరించరు, పాటించరు కూడా. క్రమంగా ఆ చోటునుంచి వచ్చే ఇతర ఆదేశాల విలువ సైతం పడిపోతుంది. అందుకే ఆదేశం జారీ అయ్యేముందు ఆ పని చేయవలసిన వారిలో ఒకరికి చూపి, ఇది జరిగే పనేనా అని అడగాలి.

సన్నిధి

‘ఆవును’ అని ఇప్పుడు, ‘తీసుకురా’ అని మూడు గంటల తర్వాత అంటే అర్థం కుదరదు. పదాల మధ్య ఎడం ఉండకూడదు. అన్నంభట్టు ఉదాహరణకోసం చెప్పిన ఈ వింత నేటి వాట్సాప్ గ్రూపులో రోజూ జరుగుతోంది. పొద్దున ‘రేపు మీటింగ్’, మధ్యాహ్నం ‘టైం మారింది’, రాత్రి ‘వాళ్లు రానక్కర్లేదు’. మధ్యలో పాతిక ‘ఓకే సార్’లు, రెండు శుభోదయాలు, ఒక పుట్టినరోజు. ఏ టైం మారిందో, ఎవరు రానక్కర్లేదో వెతుక్కోవాలి.

దీనికి మందు సులువే. సందేశం ఒక్కసారే, పూర్తిగా పంపాలి. మార్పు వస్తే మారిన ముక్క మాత్రమే కాక, పాతది రద్దయిందని చెబుతూ మొత్తం మళ్లీ రాయాలి. ఆదేశాల గ్రూపు వేరుగా, కబుర్ల గ్రూపు వేరుగా ఉండాలి. సన్నిధి చోటుకు కూడా వర్తిస్తుంది. యంత్రం వాడకంపై హెచ్చరిక ఆ యంత్రం మీద ఉండాలి గానీ కింది అంతస్తు బోర్డు మీద కాదు.

తాత్పర్యం

సంస్కృతంలో సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం దగ్గర ‘సైంధవం తే’ అంటే ఉప్పు, ప్రయాణానికి సిద్ధమవుతూ అంటే గుర్రం. సందర్భాన్నిబట్టి వక్త ఉద్దేశం గ్రహించాలి. తెలుగు ఆఫీసులో సైంధవాలకు కొదవ లేదు. ‘చూద్దాం’ అంటే పరిశీలిస్తాననీ, వద్దనీ కూడా. ‘అలాగే సార్’ అంటే చేస్తాననీ, విన్నాననీ, ఇక వదిలేయండనీ కూడా. పెద్దవారికి ఎదురు చెప్పడం మర్యాద కాదన్న సంస్కారంలో ఊ కొట్టడం ఒప్పుకోలు కాదు. ‘అర్థమైందా?’ అని అడిగితే వచ్చేది ఒకటే జవాబు. ‘ఎక్కడ మొదలుపెడతారు?’ అని అడిగితే వాస్తవం బయటపడుతుంది. కాదనదలిస్తే అధికారి కూడా ‘చూద్దాం’ అనకుండా, కాదని చెప్పి కారణం చెప్పాలి.

రైల్వేవారు ఈ సందేహానికి చోటివ్వరు. రైలును పంపడానికి, ఎదుటి స్టేషన్‌ను లైన్ క్లియర్ (లైను ఖాళీగా ఉందన్న అనుమతి) అడిగినప్పుడు అక్కడి స్టేషన్ మాస్టర్ సరేనని ఊరుకోడు, తన పట్టికలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెబుతాడు. అడిగినవాడు దాన్ని రిజిస్టరులో రాసుకుంటాడు. ఉస్మానియా క్యాంపస్ అంచున ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా స్టేషన్ల మీదుగా రైళ్లు పోతుంటాయి. ఆ పక్కనే ఉన్న ఆఫీసుల్లో ఫోనుమీద ఇచ్చిన ఆదేశానికి అంత ఏర్పాటు అక్కర్లేదు. విన్నవారు తిరిగి చెప్పడం, చెప్పినవారు రెండు వాక్యాల్లో రాసి పంపడం చాలు.

ప్రియం, హితం, సత్యం

అర్థమైన మాట కూడా గాయపరచవచ్చు. భగవద్గీత 17వ అధ్యాయం వాక్కును కూడా తపస్సుల్లో చేర్చింది. ఉద్వేగం కలిగించకపోవడం, సత్యం, ప్రియం, హితం దాని లక్షణాలు. వీటిలో ఏది తగ్గినా అది వాఙ్మయ తపస్సు కాదని శంకరుల భాష్యం. సత్యమన్న పేరుతో కసిరేవారికీ, ప్రియమన్న పేరుతో తప్పును దాచేవారికీ అక్కడ చోటు లేదు.

శాతవాహన రాజుకు రాసినట్టు సంప్రదాయం చెప్పే సుహృల్లేఖలో బౌద్ధాచార్యుడు నాగార్జునుడు మాటలు మూడు రకాలని చెప్పాడు. ఇంపైనది తేనె, నిజమైనది పువ్వు, అబద్ధం మలం. చివరిదాన్ని విడిచిపెట్టమని సలహా. ఆ లేఖ సంస్కృత మూలం దొరకలేదు, టిబెటన్, చైనీస్ అనువాదాల్లో నిలిచింది. పైస్థానంలో ఉన్నవారికి స్నేహితుడిగా హితం చెప్పడానికి తెలుగు నేలతో ముడిపడిన పాత నమూనా అది.

మెమో రాసేవారికి దీనిలో పాఠం ఉంది. ‘మీరు బాధ్యత లేకుండా ప్రవర్తిస్తున్నారు’ అన్నది మనిషి నైజంపై తీర్పు. ‘ఈ నెల 3, 9 తేదీల్లో కౌంటరు పది గంటలకు బదులు పదిన్నరకు తెరిచారు, కారణం తెలపండి’ అన్నది సత్యం, ఉద్వేగం లేనిది, దిద్దుకోవడానికి వీలున్నది. తప్పును గదిలో చెప్పాలి, మెప్పును నలుగురిలో చెప్పాలి. వయసులో పెద్దవాడైన అటెండరును ‘నువ్వు’ అని పిలిచే ఆఫీసరు ఎంత స్పష్టంగా మాట్లాడినా వినిపించేది ఆ ‘నువ్వు’ ఒక్కటే.

సమావేశంలో మాట

న్యాయదర్శనానికి మూలమైన న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ పక్షం లేకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. మాటకు వక్త ఉద్దేశించని అర్థం అంటగట్టడం ఛలం. ‘రావాలన్నారు గానీ టైముకు రావాలని ఎక్కడుంది?’ అనేవాడు చేసేది అదే. సమావేశం వాదంగా సాగాలంటే తేల్చవలసిన ప్రశ్నను ముందుగానే రాసి పంపాలి, అభ్యంతరం చెప్పేవారిని ప్రత్యామ్నాయం కూడా అడగాలి, చివర్లో నిర్ణయమేమిటో, ఎవరి బాధ్యతో చదివి వినిపించాలి. పెద్ద అధికారి తన అభిప్రాయాన్ని మొదట చెబితే మిగతావి బయటికి రావు కాబట్టి ఆయన చివర మాట్లాడాలి.

ఆప్తుడెవరు?

పై నియమాలన్నీ పాటించినా, చెప్పేవాడు ఆప్తుడు కాకపోతే మాట ప్రమాణం కాదు. న్యాయసూత్రాలకు వ్యాఖ్య అయిన న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు ఆప్తుడికి లక్షణం చెప్పాడు: విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు తెలపాలన్న కోరికతో మాట్లాడేవాడు. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమేనని కూడా ఆయనే అన్నాడు. అంటే ఆప్తత్వం హోదాను బట్టి రాదు, ఆయా విషయంలోని ఎరుకను బట్టి వస్తుంది. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని పండితుల్లో ఒక నానుడి ఉంది. కుర్చీ విషయంలోనూ అంతే. బడ్జెట్ సంగతిలో రిజిస్ట్రార్ ఆప్తుడైతే, పైకప్పు ఏ మూల కారుతోందో చెప్పడంలో రోజూ ఊడ్చే మనిషే ఆప్తురాలు.

మాట కింది నుంచి పైకి కూడా నడవాలన్న నియమానికి ఇదే ఆధారం. పని తెలిసినవారిని అడగాలి. చేదు వార్త తెచ్చినవారిని దండించకూడదు, లేకపోతే రెండోసారి ఆ వార్త రాదు. తెలియనిదాన్ని తెలియదనీ, ఫలానా రోజుకు కనుక్కుని చెబుతాననీ అనడం అధికారి ఆప్తత్వాన్ని తగ్గించదు. తప్పు సమాచారం వెళ్లినప్పుడు తప్పు ఏదో, ఒప్పు ఏదో పేర్కొంటూ సవరణ వెలువడాలి. చప్పుడు లేకుండా పాత నోటీసు చించేసే ఆఫీసులో రేపటి నోటీసును సిబ్బంది బోర్డు మీద చదివినా, నిజమో కాదో క్యాంటీన్‌లో ఇంకొకరిని అడిగి తేల్చుకుంటారు.