కాలవినియోగము

కాలమే ధనమని లోకులు చెప్పుదురు. పోయిన ధనమును మరల నార్జింపవచ్చును. గడచిన దినము నెవ్వరును మరల దేలేరు. కావున దాని నెట్లు గడపవలయునో యాలోచించుట వివేకుల ధర్మము.

అమెరికాదేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) తన దినచర్యకు పట్టిక వ్రాసికొనెను. ఉదయము 5 గంటలకు లేచుట, పగలు 8 గంటలు పనిచేయుట, రాత్రి 10 గంటలకు పరుండుట యందలి నియమములు. నేడేమి మేలు చేయుదునని ప్రాతఃకాలమునకును, ఏమి మేలు చేసితినని సాయంకాలమునకును ఒక్కొక్క ప్రశ్నను జేర్చెను. పట్టికకంటె నీ ప్రశ్నలే ముఖ్యములు. ఏలయన, శ్రమించినంతమాత్రమున కాలము సార్థకము కాదు. దొంగయు రాత్రియెల్ల మేల్కొని శ్రమించును.

అయినను తన గడియల నింత శ్రద్ధతో లెక్కించిన యతడే చాలకాలము బానిసలకు యజమానుడై యుండెను. వారి గడియలు వారివి కావు. తుదకు 1787లో పెన్సిల్వేనియాయందలి బానిసత్వనిర్మూలన సంఘమున కధ్యక్షుడై, 1790లో అమెరికా కాంగ్రెసునకు విన్నపము పంపెను.

మన యిండ్లలో స్త్రీలును సేవకులును తెల్లవారుజాము మొదలు రాత్రి ప్రొద్దుపోవువఱకు పాటుపడగా మనకు గలిగిన తీరికను మన నేర్పేయని గర్వించుట తగునా? పరుల కాలమును హరించి తన కాలమును మిగుల్చుకొనుట పొదుపు గాదు, చౌర్యమే. సోదరులారా! నేడు మన మెంత పని చేసితిమని మాత్రమే కాక, మనవలన నెవ్వరికి తీరిక గలిగెనని కూడ ప్రతిదినమును ప్రశ్నించుకొందము.