తలుపు తీసినవాళ్ళూ లోపలికొచ్చినవాళ్ళూ

వెండీ రోజ్ కవిత్వం మీద పనిచేస్తున్న రోజుల్లో "మివాక్" అనే మాట మొదటిసారి నా నోటుపుస్తకంలోకి వచ్చింది. ఆమె తండ్రి హోపీ తెగవాడు. తల్లి వైపు పూర్వీకుల్లో యూరప్ వాళ్ళతో పాటు కాలిఫోర్నియా మివాక్‌లూ ఉన్నారు. హోపీలది మాతృవంశ సమాజం. మాతృవంశం అనగానే మనలో చాలామందికి ప్రాణం లేచొస్తుంది. నాకూ వచ్చింది. కానీ ఆ నియమమే వెండీ రోజ్‌ని తండ్రి తెగకి బయట నిలబెట్టింది. తల్లి హోపీ కాదు గనక కూతురూ హోపీ కాదు. తల్లి వైపు వెళ్దామంటే ఆ మూలాలు ఎప్పుడో చెదిరిపోయి ఉన్నాయి. ఎటూ పూర్తిగా చెందని ఆ స్థితి మీద నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం రాశాను. అధ్యాయం అయిపోయింది గానీ, దానికోసం మివాక్‌ల గురించి వెతుకుతుంటే దొరికిన కోర్టు తీర్పులు మాత్రం నన్ను వదల్లేదు.

మివాక్ అంటే వాళ్ళ భాషలో "మనుషులు". సియెర్రా పర్వతాల పడమటి వాలులో వాళ్ళ ఊళ్ళుండేవి. 1848లో అక్కడ బంగారం బయటపడింది. కాలిఫోర్నియా ఆదివాసుల జనాభా 1846 నాటికి సుమారు 1,50,000 ఉంటే 1870 నాటికి దాదాపు 30,000కి పడిపోయిందని చరిత్రకారుడు బెంజమిన్ మాడ్లీ లెక్క కట్టాడు. 1851, 52 సంవత్సరాల్లో ప్రభుత్వం కాలిఫోర్నియా తెగలతో 18 ఒప్పందాలు రాయించుకుంది. సెనేట్ వాటిని ఆమోదించలేదు. ఆమోదించకపోగా 1905 దాకా రహస్యంగా దాచిపెట్టింది. భూమి పోయింది, భూమికి బదులిస్తామన్నదీ రాలేదు. ఆ తర్వాత ఎప్పటికో, నిలవనీడ లేని ఆదివాసుల కోసమని అక్కడక్కడా చిన్న చిన్న ముక్కలు కొన్నారు. వాటినే రాంచెరియాలంటారు.

అలాంటిదొకటి కలవెరస్ కౌంటీలోని షీప్ రాంచ్‌లో ఉంది. 1915లో జాన్ టెరెల్ అనే ప్రభుత్వ ఏజెంటు వచ్చి, అక్కడ పన్నెండు పదముగ్గురు ఆదివాసులున్నారని రాసుకున్నాడు. 1916లో వాళ్ళకోసం రెండెకరాలకు మించని స్థలం కొన్నారు. పదముగ్గురు అందులో ఎలా బతకాలో టెరెల్ గారికే తెలియాలి. సహజంగానే జనం పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు, చుట్టుపక్కల ఊళ్ళలో బంధువుల దగ్గర సర్దుకున్నారు. 1935లో కొత్త చట్టం మీద తెగలచేత ఓట్లు వేయించినప్పుడు ఈ రాంచెరియా ఓటర్ల జాబితాలో ఉన్నది ఒకే ఒక్క పేరు, జెఫ్ డేవిస్. ఆయన ఒక్కడూ వేసిన ఓటుతో తెగ తీర్మానం అయిపోయింది.

1958లో రాంచెరియాలను రద్దుచేసి, ఆస్తిని అక్కడున్నవాళ్ళకి పంచేసి చేతులు దులుపుకోవాలని మరో చట్టం వచ్చింది. 1966లో అధికారులు వచ్చి చూస్తే ఉంటున్నది ఒక్క స్త్రీ, మేబెల్ డిక్సీ. పంపకానికి ఒప్పుకుంటున్నావా అని ఆమెనే అడిగారు. ఒప్పుకుంది. ఒక జాతి ఉండాలా వద్దా అన్న ప్రశ్నని ఒంటరిగా ఉన్న ఒక స్త్రీ ముందు, స్థలం ఆశ చూపించి పెట్టడాన్ని ఏమనాలో నాకు మాట దొరకదు. ఏ కారణంవల్లో ఆ రద్దు ప్రక్రియ పూర్తికాలేదు, తెగ కాగితం మీద బతికిపోయింది. 1971లో మేబెల్ చనిపోయింది. భర్తకి మూడో వంతు, నలుగురు కొడుకులకి తలా ఆరో వంతు అని వారసత్వ ఉత్తర్వు వచ్చింది. అందరిదీ అయిన నేల ఒక ఇంటి ఆస్తయింది. ఆ నలుగురు కొడుకుల్లో ఒకడు యాకిమా డిక్సీ.

అసలు కథ 1998లో మొదలవుతుంది. సిల్వియా బర్లీ అనే మివాక్ సంతతి స్త్రీ యాకిమాని కలిసింది. తెగలో సభ్యత్వం ఉంటే ప్రభుత్వం నుంచి చదువుకీ వైద్యానికీ సాయం వస్తుంది. యాకిమా ఆమెనీ, ఆమె ఇద్దరు కూతుళ్ళనీ, మనవరాలినీ సభ్యులుగా చేర్చుకున్నాడు. తెగ ఐదుగురైంది. 1999 ఏప్రిల్‌లో యాకిమా అధ్యక్షపదవికి రాజీనామా చేసినట్టు ఒక కాగితం వచ్చింది. నేను రాజీనామా చేయలేదు అన్నాడాయన. బర్లీ అధ్యక్షురాలయింది. అక్కడినుంచి రెండు దశాబ్దాల పైన వ్యాజ్యం.

మధ్యలో డబ్బు. 2000 ప్రాంతంలో కాలిఫోర్నియా తెగలకి క్యాసినోలు నడుపుకునే ఒప్పందాలు కుదిరాయి. క్యాసినో లేని, చిన్నదే ఉన్న తెగలకి ఉమ్మడి నిధి నుంచి ఏడాదికి 11 లక్షల డాలర్లు ఇవ్వాలన్నారు. ఐదుగురికి! 2005 నుంచి రాష్ట్ర జూద నియంత్రణ కమిషన్ ఈ తెగకి చెల్లింపులు ఆపేసింది. ఎవరి చేతిలో పెట్టాలో తెలిస్తే గదా. డబ్బు గొడవే అని ఇక్కడితో కొట్టిపారేసేవాళ్ళున్నారు. ఆదివాసులు డబ్బు గురించి కొట్లాడుకుంటే మాత్రం మనకెందుకో చటుక్కున అసహ్యం వేస్తుంది. రెండెకరాల్లో పదముగ్గురిని పెట్టినప్పుడు వేయని అసహ్యం.

నిజం ఒప్పుకోవాలి. మొదట చదివినప్పుడు నేను బర్లీ పక్షమే. తల్లి, ఇద్దరు కూతుళ్ళు, మనవరాలు, మూడు తరాల ఆడవాళ్ళు చచ్చిపోయిందనుకున్న తెగని నిలబెట్టుకొస్తున్నారు. ఎదురుగా పదవి పోయిన మగవాడు. వెనక నీ రాజ్యాంగం చెల్లదని తిప్పి పంపుతున్న ప్రభుత్వం. పితృస్వామ్యం బొమ్మ ఇంతకంటే చక్కగా ఎవరు గీస్తారు? ఆ ఉత్సాహంలో ఒక సెమినార్ పత్రానికి శీర్షిక కూడా పెట్టుకున్నాను. అదృష్టవశాత్తూ పత్రం రాయలేదు.

రాయకపోవడానికి కారణం 2008 నాటి అప్పీలు తీర్పులో ఒక అంకె. ఆ తెగలో సభ్యులు కాగలవాళ్ళు 250 మంది దాకా ఉంటారని బర్లీ వర్గమే ఒప్పుకుంది. రాజ్యాంగం రాసి ఆమోదించింది మాత్రం తల్లీ కూతుళ్ళూ. మెజారిటీని పక్కనపెట్టే ఈ ఎత్తుగడకి ప్రభుత్వ ముద్ర అడగడం కుదరదని కోర్టు కరాఖండీగా చెప్పింది. ఆ 250 మందిలోనూ ఆడవాళ్ళుంటారు గదా, తల్లులూ, కూతుళ్ళూ, మనవరాళ్ళూ! నా స్త్రీవాద బొమ్మలో వాళ్ళకి చోటే లేదు. గుమ్మంలో నిలబడ్డ స్త్రీ ముఖం చూసి, గుమ్మం బయట ఉన్నవాళ్ళని చూడలేదు నేను.

అలాగని బర్లీ వాదం తీసిపారేసేదేమీ కాదు. ఆమె అడిగిందాన్ని నా మాటల్లో చెప్తే ఇదీ: మా సభ్యులెవరో తేల్చుకునేది మేమా, మీరా? ఆదివాసీ స్వయంపాలనకి పునాది ప్రశ్న ఇదే. 2011లో ప్రభుత్వమే ఆమె వైపు తిరిగి, అవును తెగ అంటే ఆ ఐదుగురే అని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో ఇంకో కోర్టు దాన్ని కొట్టేసింది. ఒక్కరినే లెక్కపెట్టి ఓటేయించినప్పుడు, ఒక్కరినే అడిగి రద్దుచేయబోయినప్పుడు తెగ చిన్నదని గుర్తురాని ప్రభుత్వానికి, ఐదుగురు కూర్చుని మేమే తెగ అన్నప్పుడు ప్రజాస్వామ్యం గుర్తొచ్చింది. ఈ కపటం చూస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ప్రభుత్వం కపటి అయినంత మాత్రాన ఆ ఐదుగురి మాట న్యాయం అయిపోదు. ఈ రెంటినీ విడదీసి చూడ్డానికి నాకు చాలాకాలం పట్టింది.

మరి సంప్రదాయాన్ని అడుగుదామా? ఎడ్వర్డ్ గిఫర్డ్ అనే మానవశాస్త్రవేత్త మివాక్‌ల మీద పుస్తకం అచ్చువేసింది సరిగ్గా ఆ స్థలం కొన్న 1916లోనే. అప్పటి మివాక్ సమాజం రెండు భాగాలు, నేలవాళ్ళు, నీళ్ళవాళ్ళు. నేలవాళ్ళు నీళ్ళవాళ్ళనే పెళ్ళాడాలి. వంశం తండ్రిది. ఒక్కో వంశానికి ఒక ఊరి పేరు. ఆడది పెళ్ళయితే ఇంకో ఊరికి పోతుంది. ఇంటిపేరు మారి, రేషన్ కార్డులో ఒక ఇంట కొట్టేయించుకుని ఇంకో ఇంట ఎక్కించుకునే మనకి ఇదేం కొత్త కాదు. ఆ లెక్కన మేబెల్ కొడుకూ, బర్లీ కూతుళ్ళూ ఎవరి వాళ్ళు? వందేళ్ళ నాటి ఆ నియమాన్ని ఇవాళ తెచ్చి వాళ్ళ మీద రుద్దాలని ఎవరైనా అంటే మొదట అడ్డం పడేది నేనే. సంప్రదాయం మనకి నచ్చిన జవాబు ఇస్తుందన్న పూచీ లేదు, మాతృవంశంలోనైనా, పితృవంశంలోనైనా.

జూలియా మార్టినెజ్ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. న్యూమెక్సికోలోని శాంటా క్లారా ప్యూబ్లో స్త్రీ. నవహో మగవాణ్ణి పెళ్ళాడింది. 1939లో తెగ చేసుకున్న నియమం ప్రకారం, బయటివాణ్ణి చేసుకున్న ఆడదాని పిల్లలకి సభ్యత్వం లేదు. బయటిదాన్ని చేసుకున్న మగవాడి పిల్లలకి ఉంది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఆ భాషే మాట్లాడే పిల్లలకి అక్కడ ఓటు లేదు, తల్లి తర్వాత ఆ ఇంట్లో ఉండే హక్కు లేదు. 1978లో సుప్రీంకోర్టు, ఇది తెగ తేల్చుకోవాల్సిన విషయం, మేం కలగజేసుకోం అంది. స్వయంపాలన వైపు నుంచి అది గొప్ప తీర్పు. మార్టినెజ్ కూతుళ్ళ వైపు నుంచి చూస్తే? మన సుప్రీంకోర్టు 2012లో గుజరాత్ నుంచి వచ్చిన నాయక తెగ తల్లి, క్షత్రియ తండ్రి కేసులో, పిల్లలకి తండ్రి కులమే వస్తుందన్న ఊహకి ఎదురు సాక్ష్యం చూపించుకోవచ్చని చెప్పింది. తల్లి మనుషుల మధ్య పెరిగాడా, వాళ్ళు తమవాడనుకున్నారా అని చూడమంది. జాబితాలో పేరు ఉందా అనేకంటే ఇది మంచి ప్రశ్న. కానీ దీన్నీ అడిగేది కోర్టే, "తమవాడే" అని చెప్పాల్సింది మళ్ళీ లోపలివాళ్ళే.

యాకిమా డిక్సీ గురించి నాకు తెలిసింది తక్కువ. తీర్పుల్లో ఆయన ఒక సంతకం, ఒక వివాదాస్పద సంతకం. కానీ 1998లో ఆయన చేసిన పని నాకు ముఖ్యం అనిపిస్తుంది. వచ్చిన నలుగురిని, పిల్లల చదువు కోసం, మందుల కోసం, రండి అన్నాడు. తెగ అనే మాటకి నాకు తోచే అర్థాల్లో అదొకటి. అలా తలుపు తీయించుకుని వచ్చినవాళ్ళ మీద ఒక బాధ్యత ఉంటుందనుకుంటాను: తమ వెనక వచ్చేవాళ్ళకి ఆ తలుపు తెరిచే ఉంచడం. దీన్ని ఏ చట్టమూ రాయదు. ఐదుగురే చాలన్న మాట చట్టపరంగా గెలిచి ఉన్నా ఓడి ఉన్నా, ఆ బాధ్యత దగ్గర మాత్రం తేలిపోతుంది. అలాగే, ఒక మనిషి తలుపు తీసి నలుగురిని చేర్చగలిగాడంటే మిగతా 250 మంది తరఫున ఆ తలుపు ఆయన ఒక్కడి చేతిలో ఎలా ఉంది అన్న ప్రశ్నా ఉంది. దయగల యజమాని అయినా యజమానే.

ఇంత తెగించి తీర్పు చెప్పడానికి నాకున్న అర్హత ఒకటే: ఆ పని నేనూ చేశాను. మా ఊళ్ళో పదిహేనుమంది రచయిత్రులం నెలకోసారి కలిసేవాళ్ళం. మొదలుపెట్టింది ఒక పెద్దావిడ, అక్కా అనేవాళ్ళం అందరం. నన్ను అక్కడికి తీసుకెళ్ళిందీ ఆవిడే. ఒక పుస్తకానికి గ్రాంటు వస్తుందనే సరికి సొసైటీగా రిజిస్టర్ చేయాల్సి వచ్చింది. ఏడుగురు సంతకాలు పెడితే చాలన్నారు. ఆ రోజు అందుబాటులో ఉన్న ఏడుగురం పెట్టాం. అక్క కూతురి దగ్గరికి వెళ్ళి ఉంది. తర్వాత చేర్చుకుందాంలే అనుకున్నాం. తర్వాత రాలేదు. గ్రాంటు వచ్చింది, పుస్తకం వచ్చింది, ముందుమాట కింద "కార్యవర్గం" అని మా ఏడు పేర్లు వచ్చాయి. మిగిలిన ఎనిమిదిమంది మెల్లగా "వచ్చేవాళ్ళు" అయిపోయారు. ఒకరోజు అక్క పుస్తకం తిరగేసి, "ఏమ్మా, ఇందులో నేను లేనా?" అంది. కోపంగా కూడా అనలేదు. రిజిస్ట్రేషన్ గురించి ఏదో చెప్పాను.

షీప్ రాంచ్ విషయంలో 2015 డిసెంబరులో కెవిన్ వాష్‌బర్న్ అనే ఉన్నతాధికారి, తెగ ఐదుగురికే పరిమితం కాదని తేల్చాడు. దాన్ని తర్వాత పైకోర్టు కూడా నిలబెట్టింది. తెగని కూడగట్టుకునే హక్కు ఎవరికంటే, 1915లో టెరెల్ రాసుకున్నవాళ్ళ సంతతికి, 1935 నాటి ఆ ఒక్క ఓటరు సంతతికి, మేబెల్ వారసులకీ వాళ్ళ సంతతికీ. అంటే తలుపు తెరుచుకుంది గానీ, గుమ్మాలు మాత్రం ప్రభుత్వం పెట్టిన ఆ మూడే. టెరెల్ వచ్చిన రోజున ఏ తోటలోనో కూలికి వెళ్ళి ఇంట్లో లేని ఆడమనిషి మనవరాలు ఏ గుమ్మంలోంచి రావాలి?

నిరుడు మేం సర్వసభ్య సమావేశం పెట్టి, అక్క పేరుతో సహా మిగిలిన ఎనిమిది పేర్లూ చేరుద్దాం అనుకున్నాం. నోటీసు నేనే రాశాను. పంపబోయే ముందు బైలా తీసి చూస్తే, ఆ సమావేశానికి పిలవాల్సింది సభ్యులని మాత్రమే. మళ్ళీ మా ఏడుగురినే.