ముల్లు పడిపోయిందని మురిసిపోకు

బిడ్డా, పార్శిళ్లు ఆలస్యమైతే సేఠ్ ఊరుకోడని నాకూ తెలుసు. తెలిసే ఆపుతున్నా. నిన్న సహారా దర్వాజా దగ్గర బండ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు హీట్ ముల్లు ఎర్ర గీత దాకా పోయిందన్నావు. రైలు పట్టాల కింద గర్నాలా దాటి లింబాయత్‌లోకి రాగానే జారి అడుక్కి పడిపోయిందన్నావు. హమ్మయ్య, చల్లబడిందనుకొని ఇంటిదాకా తోలుకొచ్చావు. ముల్లు పైకి పోయినప్పుడు భయపడ్డావు, మంచిదే. అది గబుక్కున కిందికి పడ్డప్పుడు ఇంకా ఎక్కువ భయపడాలి. అదే నీకు తట్టలేదు.

ఆ ముల్లుకు కబురు చేరవేసేది ఇంజన్ మీద బిగించిన చిన్న సెన్సర్. దాని మొన నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు కారిపోయి మొన ఖాళీలో మిగిలితే, పక్కన ఇంజన్ మాడిపోతున్నా ముల్లు మాత్రం చల్లగా ఉందనే చూపిస్తుంది. నిజంగా చల్లబడే ఇంజన్‌కు ముల్లు మెల్లగా దిగుతుంది బిడ్డా, ఇలా జారిపడదు. అందుకే అది పడిపోగానే బండి పక్కకు తీసి ఆపెయ్యాలి.

నీది ఆమ్ని. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చిన ఆ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది. ఇప్పుడు మన సందుల్లో తిరిగేవన్నీ వయసు మళ్లినవే. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్, అదీ ముందు సీట్ల కింద. నీ పక్క సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకొని బడికి దించుతావు కదా, వాళ్ల కింద కాగేది అదే. సీటు అడుగు నుంచి మామూలు కంటే ఎక్కువ సెగ తగిలినా, కూలెంట్ తియ్యటి వాసన వచ్చినా ముల్లు మాట పక్కనపెట్టి బండి ఆపు.

పైగా సీఎన్జీ కిట్ కట్టించావు. సిలిండర్‌లోంచి ఒత్తిడితో వచ్చే గ్యాస్ వ్యాకోచించేటప్పుడు బాగా చల్లబడుతుంది. ఆ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ గడ్డకట్టకుండా ఇంజన్ నీళ్లనే సన్న పైపులతో దాని చుట్టూ తిప్పుతారు. ఆ పైపుల అతుకులు నీ బండికి మొదట లేనివి. ఏళ్లు గడిచేకొద్దీ క్లిప్పులు వదులై చుక్క చుక్క కారేది అక్కడే. రెడ్యూసర్ మీద తెల్లగా మంచు పట్టిందంటే నీళ్లు అక్కడికి చేరడం లేదన్నమాట. ఏ మీటరూ లేకుండా కంటికే తెలిసిపోయే సంగతి ఇది. రోజూ ఒక్కసారి వంగి చూడవచ్చు కదా.

అన్నిసార్లూ తప్పు ఇంజన్‌ది కాకపోవచ్చు, అదీ నిజమే. వానాకాలంలో మీఠీ ఖాడీ వాగు పొంగి మన వీధుల్లోకి నీళ్లొస్తాయి, బండ్లు వాటిల్లోనే నిలబడతాయి. ఆ తడికి వైర్ల చివర్లు, ఎర్త్ తీగ తుప్పు పడతాయి. హెడ్‌లైట్ వేయగానే ముల్లు కదిలితే అనుమానం ఎర్త్ మీద. పెట్రోల్ ముల్లు, హీట్ ముల్లు రెండూ కలిసి పిచ్చిగా ఆడితే మీటర్ బోర్డుకు వెళ్లే కరెంటు మీద. పొద్దున చల్లటి ఇంజన్‌కు తాళం తిప్పీ తిప్పకముందే ముల్లు ఎర్ర గీతకు ఎగిరితే, సెన్సర్ తీగ ఎక్కడో ఒరుసుకొని బాడీకి తగులుతున్నట్టే. మంచి మెకానిక్ ఆ తీగ ఊడదీసి చూస్తాడు, ముల్లు కిందికి దిగాలి. టెస్ట్ బల్బు గుండా తీగను క్షణంపాటు ఇంజన్‌కు ఆనిస్తాడు, ముల్లు పైకి లేవాలి. రెండూ జరిగితే మీటరు, తీగ మంచివే. ఇంజన్ విప్పుదామని ఎవరైనా అనకముందే ఈ పరీక్ష అడుగు. కానీ ముందు నీళ్లు, తర్వాతే తీగలు. మీటరే చెడిందిలే అని సర్దిచెప్పుకోవడం తేలిక, అందుకే చెబుతున్నా.

ఇంకోమాట. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసి పారేద్దాం అనేవాళ్లున్నారు. వినకు. అది లేకపోతే ముల్లు ఎక్కువగా అడుగునే ఉంటుంది, చూడ్డానికి హాయిగానే ఉంటుంది. ఇంజన్ మాత్రం సరిగా వేడెక్కక ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. రేడియేటర్‌లో బోరునీళ్లు పోసేయడమూ అంతే, లోపల గార కడుతుంది.

హీటెక్కిన బండి రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యకు. మీ అమ్మ కుక్కర్ మూత ఆవిరి పోకముందే తీస్తుందా? రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే లోపలి నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారి మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంట ఆగు, అవసరమైతే ఇంకాసేపు. మాడుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు కుమ్మరించకు, హెడ్ అల్యూమినియంది, వంగిపోతుంది, పగులుతుంది. దాంతోపాటు గ్యాస్కెట్ పోతే బండి షెడ్డులో కూర్చుంటుంది, కిస్తీ మాత్రం కూర్చోదు. ఇంట్లో దాచిన చీటీ డబ్బులు దానికే పోతాయి.

దసరాకు బతుకమ్మ ఆడాలని అందర్నీ ఎక్కించుకొని వరంగల్ పోదామంటున్నావు. సోన్‌గఢ్, నవాపూర్ దాటాక కొండాయిబారీ ఘాట్ ఎక్కాలి. నిండు బరువుతో, రెండో గేరులో ఎక్కేటప్పుడు ఈ ముల్లు నీతో ఆడుకుంటే పిల్లలతో రోడ్డు పక్కన నిలబడాలి. బండి సంగతి తేలకపోతే నవజీవన్ రైలుకు టికెట్లు తీద్దాం.

ఇప్పుడు తాళం ఇక్కడ పెట్టు. రాత్రంతా ఆగి ఉంది కాబట్టి ఇంజన్ చల్లగానే ఉంది, మూత తీసి నీళ్లెంత ఉన్నాయో చూడు. తగ్గాయంటే ఎక్కడ కారాయో వెతుకు, సీటు ఎత్తి చూడు, రెడ్యూసర్ పైపులు తడిమి చూడు. నింపాక స్టార్ట్ చేసి చూడు, బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ కొలిచే పుల్ల మీద పాలరంగు జిడ్డు కనిపించినా బండి ఇక కదలకూడదు. సేఠ్‌కు నేను ఫోన్ చేస్తాను, ఈ పూట పార్శిళ్లు టెంపోలో పంపిద్దాం.